ఆదివారం పెట్టిన పరీక్ష

మా చిన్నప్పుడు సికింద్రాబాదులో ఆదివారం సెలవు, హైదరాబాదులో శుక్రవారం సెలవు. మధ్యలో ఉన్నది ఒక్క హుసేన్‌సాగర్ కట్ట. కట్టకు అటు నిజాం సర్కారు, ఇటు ఇంగ్లీషువాళ్ళ కంటోన్మెంటు. అటు చెల్లేది హాలీ సిక్కా, ఇటు చెల్లేది కల్దారు రూపాయి. బయటివాళ్ళకు వింతగా ఉండేదేమో గాని మాకేమీ కాదు. అటు పనుంటే శుక్రవారం పోకూడదని, ఇటు పనుంటే ఆదివారం రాకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయారు. మరుసటి ఏడు పోలీస్ యాక్షన్ జరిగి నిజాం సర్కారు కూడా పోయింది. సర్కారు పోయినా దాని శుక్రవారం మాత్రం కొంతకాలం అలాగే ఉండిపోయింది. మా అన్న బతుకు ఆ కొంతకాలంలోనే ఇరుక్కుంది.

మా తాతది గుంటూరు వైపు. తెల్లవాళ్ళ పటాలంతో వచ్చి, బొల్లారం ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే పనిలో చేరి, ఇక్కడే ఉండిపోయాడు. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. అంతకంటే పెద్ద సంగతి, ఆయన మా గుడిలో సంఘ పెద్ద. మేం చర్చిని గుడి అనే అనేవాళ్ళం. పాస్టరుగారు ఏటేటా మారేవారు గాని నాన్న మారేవారు కాదు. ఎవరింట్లో పెళ్ళయినా, ఎవరింట్లో తగువయినా చివరికి మా వరండాకే వచ్చేది. అందరి తగువులూ తీర్చే మనిషికి సొంత కొడుకుతో నాలుగు మాటలు మాట్లాడటం చేతకాలేదు. ఇది నేను కోపంగానే రాస్తున్నాను. ఆ కోపం ఇంకా పోలేదు.

అన్న నాకంటే ఐదేళ్ళు పెద్ద. మెట్రిక్ తప్పాడు. తప్పింది కూడా లెక్కల్లో, లెక్కల మాస్టారి కొడుకై ఉండి. రెండోసారి రాసి మళ్ళీ తప్పాడు. నాన్న తిట్టలేదు, కొట్టలేదు. ఇంట్లో ఆ ఊసే ఎత్తలేదు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నాన్న ఎత్తని విషయాన్ని ఇంకెవరూ ఎత్తకూడదు. ఎవరు పెట్టారో తెలియదు గాని అందరం పాటించేవాళ్ళం. అమ్మ ఒక్కతే వంటింట్లో గిన్నెలతో మాట్లాడుకునేది.

అన్న మిలిటరీ క్యాంటీను స్టోర్సులో చిన్న పనికి కుదిరాడు. తెల్లపటాలాలు పోవడంతో స్టోర్సూ పోయింది. ఒక్క అన్న సంగతే కాదు. మా వీధిలో ఇంటికొకరు దొరల మీద బతికినవాళ్ళే. గుమస్తాలు, ఆయాలు, బట్లర్లు, ఆసుపత్రి నర్సులు. ఓడలెక్కిన దొరలు వీళ్ళకు మంచి మంచి సర్టిఫికెట్లు రాసిచ్చి పోయారు. ఆ కాగితాలను మడత నలగకుండా పెట్టెల్లో దాచుకుని, మగవాళ్ళంతా పొద్దున్నే గడ్డం గీసుకుని, ఎక్కడికి పోవాలో తెలియక వీధి చివర నిలబడేవాళ్ళు. అన్న కూడా వాళ్ళల్లో నిలబడేవాడు. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్ళు.

అలాంటప్పుడు కొత్త సర్కారు కుర్రాళ్ళకు పని నేర్పడానికి డబ్బు మంజూరు చేసిందని తెలిసింది. పని లేని కుర్రాళ్ళంటే ఆ రోజుల్లో సర్కారుకు కాస్త గుబులుగానే ఉండేది. బొల్లారంలో మిలిటరీ లారీలు బాగుచేసిన పాత షెడ్లను శుభ్రం చేసి వడ్రంగం, ఫిట్టరు పని, కరెంటు పని నేర్పడం మొదలుపెట్టారు. ఫీజు లేదు. పైగా నెలనెలా ఖర్చులకు ఇస్తారు, మధ్యాహ్నం భోజనం పెడతారు. చివర్న పరీక్ష. అందులో నెగ్గితే కరెంటు శాఖలో ఉద్యోగం.

అమ్మ నమ్మలేదు. నేర్పేవాళ్ళే ఎదురు డబ్బులివ్వడం ఎక్కడైనా ఉందా, పిల్లల్ని పోగుచేసి ఎక్కడికో ఎత్తుకుపోతారు అంది. నాన్న అభ్యంతరం వేరు. చేతిపని. మూడు తరాలుగా బైబిలూ పలకా పట్టిన ఇంట్లో సుత్తి పడతాడా అని. ఆ మాట కూడా ఆయన పైకి అనలేదు, పేపరు మడిచిన తీరులో మాకు తెలిసిపోయింది. అయినా వద్దనలేదు. అన్న కరెంటు పనిలో చేరాడు.

చేరేరోజునే చిక్కొచ్చింది. అది సర్కారు వారి కేంద్రం కాబట్టి సర్కారు సెలవే దానికీ సెలవు, శుక్రవారం. ఆదివారం మామూలుగా పని. అన్న అక్కడి గుమస్తాతో, మేం ఆదివారం పని ముట్టం అని చెప్పాడు. అయితే మిగతా రోజులు కూడా ముట్టకు, ఇంటికి పో అన్నాడు గుమస్తా. పక్కన నిలబడి వింటున్న, కరెంటు పని నేర్పే ఉస్తాదు అడ్డుపడ్డాడు.

ఉస్తాదు పాత నిజాం సర్కారు వర్క్‌షాపులో పనిచేసిన ముసల్మాను. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన పాత షేర్వానీలో ఉండేవాడు. షెడ్డులోకి రాగానే దాన్ని విప్పి మేకుకు తగిలించి, పోయేటప్పుడు మళ్ళీ తొడుక్కునేవాడు. ఆయన అన్నతో, ఆదివారం నీకు కుదరదు, శుక్రవారం నాకు సెలవు, శుక్రవారం పొద్దున రా, జుమ్మా నమాజు వేళ దాకా నేను షెడ్డు తీసి పెడతా అన్నాడట. గుమస్తా నవ్వాడట. ఒక ముసల్మాను తన శుక్రవారాన్ని ఒక కిరస్తానీ పిల్లాడి ఆదివారం కోసం ఇచ్చేశాడు. దీనికి పైనుంచి ఎవరి ఆర్డరూ లేదు.

అక్కడ వైరు కరువు. ఉన్న వైరునే అందరూ వాడాలి. పొద్దున చెక్క పట్టీలు గోడకు కొట్టి, వాటి మీద వైరు వరసగా పరిచి, స్విచ్చీలు బిగించి, సాయంత్రం అయ్యేసరికి అంతా విప్పేసి చుట్ట చుట్టి పెట్టాలి. మర్నాడు మళ్ళీ మొదటికి. చేసింది ఏదీ గోడ మీద నిలవదు. మిగతా కుర్రాళ్ళు విసుక్కునేవాళ్ళు. మా అన్నకు మాత్రం అదే నచ్చింది. తప్పు చేసినా సాయంత్రానికి పోతుంది కదా అనేవాడు. రెండుసార్లు మెట్రిక్ తప్పినవాడు ఆ మాట ఎందుకన్నాడో నాకు అప్పుడు తట్టలేదు.

ఒక శుక్రవారం నేనూ వాడితో రైల్లో బొల్లారం వెళ్ళాను. షెడ్డులో వాళ్ళిద్దరే. అన్న గోడ మీద పనిచేస్తుంటే ఉస్తాదు స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. ఎక్కువ మాట్లాడలేదు. ఎక్కడన్నా వంకర పోతే నాలుక చప్పరించేవాడు, అంతే. పని అయ్యాక తలుపులు మూయించి, నన్ను స్విచ్చి నొక్కమన్నాడు. బల్బు వెలిగింది. మా వీధికి అప్పటికింకా కరెంటు లేదు. నేను బల్బును చూస్తుంటే అన్న నన్ను చూస్తున్నాడు. వాడి మొహంలో అంత సంతోషం అంతకుముందు నేను చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు. ఉస్తాదు చేతులు కడుక్కుని, షేర్వానీ తొడుక్కుని, తాళంచెవి అన్న చేతికిచ్చి నమాజుకు వెళ్ళిపోయాడు.

తిరుగు రైల్లో, ఆయనకు పిల్లలున్నారా అని అడిగాను. అన్న కిటికీలోంచి చూస్తూ చెప్పాడు.

“నా యీడు కొడుకుండె. పోలీస్ యాక్షన్ల బీదర్ దిక్కు అమ్మమ్మ ఊరికి పోయిండు. మళ్ళ రాలే. ఆ ముచ్చట ఆయన కాడ తీయకు.”

మా ఇంట్లో గుంటూరు మాట, వీధిలో సికింద్రాబాదు మాట. నాన్న ముందు పుస్తకంలా మాట్లాడే అన్న, నాతో ఉన్నప్పుడు మాత్రం ఇలా వీధి మాటే మాట్లాడేవాడు.

కొన్ని నెలలకు ఇంట్లో వాతావరణం కొంచెం మారింది. అన్న ఒక సాయంత్రం సుద్దముక్క తీసుకుని మా ముందుగది గోడ మీద గీతలు గీశాడు. కరెంటు వస్తే వైరు ఇటునుంచి రావాలి, ఇక్కడ స్విచ్చి, ఇక్కడ దీపం. అమ్మ, గోడంతా పాడుచేశావురా అంటూనే వంటింట్లోకి కూడా ఒక దీపం గీయించుకుంది. నాన్న బడినుంచి వచ్చి గోడ ముందు నిలబడ్డారు.  చాలాసేపు చూసి, దీపం అక్కడ పెడితే రాసుకునేటప్పుడు నా చెయ్యి నీడ కాగితం మీద పడుతుంది, కొంచెం ఎడమకు జరుపు అన్నారు. అన్న జరిపి గీశాడు. నాన్న తల ఊపి లోపలికి వెళ్ళారు. ఆయన భాషలో అది శభాష్ అన్నట్టే. అన్న ఆ రాత్రి అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి పరీక్ష తేదీ వచ్చింది. కట్టకు అటు, హైదరాబాదు వైపు నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చి ఒక్కొక్కరి చేత గోడ మీద పని చేయించి చూస్తారు. వాళ్ళు పెట్టిన రోజు ఆదివారం. వాళ్ళకది మామూలు రోజు, అందులో కక్ష ఏమీ లేదు. ఉస్తాదు వాళ్ళ దగ్గరికి పోయి, ఒక్క పిల్లాణ్ణి ఇంకో రోజు చూడండి అని అడిగాడు. అందరికీ ఒకటే రోజు, ఒకడి కోసం మళ్ళీ బొల్లారం రాలేం అన్నారు. ఉస్తాదు మాట చెల్లే రోజులు కూడా కావవి. పాత సర్కారు మనుషుల్ని ఒక్కొక్కరినే ఇంటికి పంపేస్తున్నారు. తన పేరు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు.

ఇక్కడ మా గుడి సంగతి చెప్పాలి. ఆదివారం పని చేసినవాళ్ళను మా గుడిలో ప్రభు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, రానిచ్చేవారు కాదు. ఆ ఏడు క్రిస్మసు ముందు మా సంఘంలోనే ఒక దర్జీ ఆదివారం మిషను తొక్కాడు. పండగ బట్టలు, ఒప్పుకున్న పని, పాపం. నాన్న అందరిముందూ లేచి నిలబడి ఆయన్ను బల్లకు రాకుండా ఆపారు. భార్యాపిల్లలు తీసుకుంటుంటే ఆ దర్జీ వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్నాడు. ఇప్పుడు సంఘ పెద్ద కొడుకు ఆదివారం సుత్తి పట్టుకుని గోడెక్కితే ఏమనాలి? ఆ దర్జీకి వేసిన శిక్ష ఇప్పుడు నాన్న మెడకే చుట్టుకుంది.

శనివారం సాయంత్రం ఉస్తాదు మా ఇంటికి వచ్చాడు. అప్పటికి ఆయన మల్కాజ్‌గిరి దగ్గర ఉండేవాడు, అక్కణ్ణుంచి నడిచే వచ్చాడు. నాన్న కుర్చీ వేశారు, అమ్మ టీ ఇచ్చింది. అన్న తలుపు పక్కన నిలబడ్డాడు, నేను అమ్మ వెనక. ఉస్తాదు మొదట అన్న పని గురించి చెప్పాడు. ఈ బ్యాచీలో ఇట్లాంటి చెయ్యి ఇంకొకటి లేదన్నాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, మెల్లగా అన్నాడు.

“మాస్టర్ సాబ్, నేను జుమ్మా మానుకోను. మీకు ఆదివారం ఏందో నాకు ఎరికె. కాని రేపటి ఒక్కరోజు పిలగాన్ని పంపుండ్రి. దేవుడు మనకన్న జెర ఎక్కువనే సబర్ చేస్తడు, ఓర్సుకుంటడు.”

నాన్న ఆయన్ను ఎంతో మర్యాదగా చూశారు. మీ మేలు మరిచిపోలేనిది అన్నారు. నేను సంఘానికి పెద్దగా ఉన్నవాణ్ణి అన్నారు. చివరికి, ఆలోచిస్తాను అన్నారు. ఉస్తాదు లేచి, అన్న భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, పది గంటలకు షురూ అయితది, నీ పేరు ఆఖరికి పెట్టిస్తా అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన ఆదివారం రోజంతా వాడి కోసం కాచుకుని ఉంటాడని మాకందరికీ అర్థమైంది.

 నాన్న ఆ విషయం ఎత్తలేదు కాబట్టి ఎవరూ ఎత్తలేదు. భోజనాలయ్యాయి, కుటుంబ ప్రార్థన అయింది. ప్రార్థనలో రేపటి గురించి ఏమన్నా వస్తుందేమోనని నేను చెవులు రిక్కించుకుని విన్నాను. రాజుల కోసం, రోగుల కోసం, దూరదేశాల్లో సువార్త చెప్పేవాళ్ళ కోసం ప్రార్థించారు. ఇంట్లో ఉన్నవాడి కోసం మాట లేదు.

ఆదివారం పొద్దున అన్న ఖాకీ ప్యాంటు వేసుకున్నాడు. షెడ్డుకు వేసుకునేదే. గుడికి తెల్లప్యాంటు వేసుకోవడం అలవాటు. నాన్న ఆ ప్యాంటు చూశారు, నేను ఆయన చూడటం చూశాను. ఏమీ అనలేదు. అన్న సైకిలు తీసుకుని వచ్చి గుడి గేటు పక్కన, రోడ్డు వైపు తిప్పి పెట్టాడు.

మా గుడిలో మగవాళ్ళొకవైపు, ఆడవాళ్ళొకవైపు కూర్చునేవాళ్ళం. నేను అమ్మ పక్కన కూర్చుంటే నడవకు అవతల అన్న కనిపిస్తున్నాడు. నడవ పక్కనే, లేచి పోవడానికి వీలుగా ఉన్న చోటు. వాడి పక్కన నాన్న. ఆరాధన మొదలైంది. మొదటి పాట అయింది. రెండో పాట అయింది. గోడగడియారం నా ఎదురుగానే ఉంది. ఇప్పుడు లేస్తే బాగా అందుతాడు అనుకున్నాను. ఇంకాసేపటికి, ఇప్పుడు లేచి గట్టిగా తొక్కితే అందుతాడు అనుకున్నాను. దేవుడి మందిరంలో కూర్చుని నేను చేసిన ప్రార్థన ఒక్కటే. అన్నా లే, అన్నా లే.

నాన్న పెద్ద ప్రార్థన చేయాల్సిన వంతు వచ్చింది. నాన్న ప్రార్థన అంటే పిల్లలం భయపడేవాళ్ళం. మోకాళ్ళు నొప్పులు పుట్టేవి, ముసలివాళ్ళు కునుకు తీసి లేచినా ఇంకా సాగుతూనే ఉండేది. ఆ రోజు ఆయన నాలుగు వాక్యాలు చెప్పి ఆమేన్ అనేశారు. జనం తెల్లబోయి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆలస్యంగా ఆమేన్ అన్నారు. ఒంట్లో బాగాలేదేమో అని అమ్మ నా చెవిలో అంది. నాన్న వచ్చి మళ్ళీ అన్న పక్కన కూర్చున్నారు. అన్న తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

వాడు లేవలేదు. ఆరాధన అయిపోయింది. అప్పుడన్నా పోతాడనుకుంటే అందరూ వదిలేసిన పాటల పుస్తకాలు ఏరి బీరువాలో సర్దుతూ ఉండిపోయాడు. సైకిలు నడిపించుకుంటూ మా వెనకే ఇంటికొచ్చాడు.

ఉస్తాదు వాడి పేరు చివరికి పెట్టించాడు. అందరూ అయ్యాక కూడా ఇంజనీర్లను ఏదో ఒక మాట మీద కూర్చోబెట్టాడు. వాళ్ళు భోజనం చేశారు, టీ తాగారు, ఎండ తగ్గాక జీపెక్కి వెళ్ళిపోయారు. ఇదంతా తోటి కుర్రాళ్ళు చెప్పగా తెలిసింది. ఉస్తాదు మాత్రం అన్నను ఒక్క మాట కూడా అడగలేదు. ఆ శుక్రవారం ఎప్పటిలాగే షెడ్డు తెరిచాడు. అన్న వెళ్ళాడు. ఇంకో బ్యాచీ వస్తది బేటా, అందుల రాద్దువు అన్నాడట.

ఇంకో బ్యాచీ రాలేదు. సర్కారు డబ్బిచ్చింది ఒక్క ఏడాదికేనట. మళ్ళీ మంజూరు కోసం పైకి రాశారు, పైనుంచి ఏమీ రాలేదు. ఒకరోజు లారీలు వచ్చి బల్లలూ పనిముట్లూ ఎక్కించుకుపోయాయి. ఉస్తాదును ఇంటికి పంపేశారు. ఆయన సికింద్రాబాదు మార్కెట్టు దగ్గర గోనెపట్టా పరుచుకుని, అదే షేర్వానీ మడిచి పక్కన పెట్టుకుని, పంపు స్టవ్వులు బాగుచేస్తూ కూర్చునేవాడు. అన్న సాయంత్రాలు పోయి ఆయన పక్కన కూర్చుని వచ్చేవాడు. చేయి చాచి పిలిచిన సర్కారు అంత తొందరగా చేయి వెనక్కి తీసుకుంటుందని మాకెవరికీ తెలియదు. తెలిసి ఉంటే నాన్న ఆ శనివారం నోరు విప్పేవారేమో.

మరుసటి ఏడు మా వీధికి కరెంటు వచ్చింది. స్తంభాలెక్కి తీగెలు లాగడానికి వచ్చిన వాళ్ళలో అన్నతో షెడ్డులో నేర్చుకున్న కుర్రాడొకడు ఉన్నాడు. శాఖవాళ్ళ చొక్కా వేసుకున్నాడు. మంచివాడే. అన్నను చూడగానే నిచ్చెన దిగి వచ్చి కౌగలించుకున్నాడు. మా అన్న ఆ రోజంతా కింద నిలబడి వాడి నిచ్చెన పట్టుకున్నాడు. పైన ఒక బిగింపు వదులుగా ఉందని కిందనుంచే చూసి చెప్పాడు, వాడు సర్దుకున్నాడు. అమ్మ కిటికీలోంచి చూసి, చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. మా ఇంట్లో దీపాలు పెట్టింది కూడా ఆ కుర్రాడే. సుద్దగీతలు ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడే పెట్టాడు. నాన్న ఆ దీపం కింద కూర్చుని రాసుకోవడానికి చాలా రోజులు పట్టింది. పాత లాంతరే వాడేవారు, కారణం ఎవరూ అడగలేదు.

అటు తర్వాత కొద్దికాలానికే సర్కారు సెలవు కూడా మారింది. ఇకనుంచి హైదరాబాదులోనూ ఆదివారమే సెలవని పేపర్లో వచ్చింది. నాన్న చదివి పేపరు మడిచి పెట్టారు. అమ్మ దాన్ని తీసి చదివింది. పెళ్ళయినప్పటి నుంచి నాన్నకు ఎదురు చెప్పని మా అమ్మ, ఆ రోజు వంటింటి గడపలో నిలబడి గొంతు పెంచకుండా అంది.

“ఇప్పుడు వాడికి పరీక్ష పెట్టమనండి.”

నాన్న చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళి, చీకటి పడేదాకా రాలేదు.

అన్న బొంబాయి పోవడానికి సిద్ధపడ్డాడు. అక్కడ రేవులో పని దొరుకుతుందని ఎవరో చెప్పారు. స్టేషనుకు నేనొక్కదాన్నే వెళ్ళాను. అమ్మ ఏడుస్తూ పడుకుంది, నాన్న ఇంటి దగ్గరే ప్రార్థన చేసి పంపారు. రైలింకా కదలలేదు. అడగడానికి ఇక రోజులు లేవని, నాన్న ఎత్తనిది ఎత్తకూడదనే మా ఇంటి పద్ధతిని నేను దాటాను. ఆ రోజు ఎందుకు లేవలేదు అని అడిగాను. వాడు కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

“నాన్న ఒక్క మాటంటే లేస్తుంటి చెల్లె. పో అనకున్నా సరే, నా దిక్కు జెర చూసినా లేస్తుంటి. చూస్తడేమో అని ఆఖరిదాక కూసున్న.” తర్వాత అన్నాడు, “నాన్నకు చెప్పకు.”

చెప్పనన్నాను.

బొంబాయిలో వాడికి బస్తాలు మోసే పని దొరికింది. కార్డులు రాసేవాడు. మొదట్లో నిండా రాసేవాడు, తర్వాత తర్వాత బాగున్నాను, మీరు బాగున్నారా, అంతే. దగ్గు గురించి ఎప్పుడూ రాయలేదు. రెండో వానాకాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో అక్కడి ధర్మాసుపత్రిలో పోయాడు. అక్కడి తెలుగు పాస్టరుగారు మా గుడికి తంతి ఇచ్చారు. అది మా ఇంటికి చేరేసరికి వాణ్ణి అక్కడే పాతిపెట్టడం కూడా అయిపోయింది. చివరిసారి మొహం చూసే భాగ్యం కూడా అమ్మకు దక్కలేదు.

వచ్చిన ఆదివారం ఆరాధన తర్వాత గుడిలో వాడి జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టారు. ఉస్తాదు వచ్చాడు. లోపలికి రావచ్చో లేదో అని గేటు దగ్గరే ఆగితే, బల్లకు రాకుండా నాన్న ఆపిన ఆ దర్జీ పోయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నాన్నను ముందుకొచ్చి మాట్లాడమంటే రాలేదు. అన్న పక్కన ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు, పక్కన నడవ వైపు చోటు ఖాళీగా ఉంది. తంతి వచ్చిన దగ్గర్నుంచి ఆయన కంట నీరు ఎవరూ చూడలేదు. పాస్టరుగారు అది విశ్వాసం అన్నారు. నాకు మాత్రం ఆయన్ను చూస్తే భయం వేసింది.

అందరూ వెళ్ళిపోయారు. నేను నడవ దాటి మగవాళ్ళ వైపు వెళ్ళి ఆయన పక్కన ఆ ఖాళీ చోట్లో కూర్చున్నాను. ఆయన ఎదురుగా చూస్తూనే మాట్లాడారు.

“ఆ రోజు వాడు లేస్తాడని కూర్చున్నానమ్మా. లేస్తే ఆపకూడదనుకున్నాను. వేళకు అందుకోవాలని ప్రార్థన కూడా తొందరగా ముగించాను. తర్వాత సంఘం ముందు నేనే లేచి, నేనే పంపానని చెప్పి, పెద్దరికం దిగిపోదామనుకున్నాను. వాడి వైపు చూస్తే వాడు నన్ను చూసి ఆగిపోతాడేమోనని, చూడకుండా కూర్చున్నాను.”

 ఒకే బెంచీ మీద ఆనుకుని కూర్చున్న ఇద్దరు మనుషులు. ఈయన చూపు కోసం వాడు కాచుకుంటే, వాడికి అడ్డం కాకూడదని ఈయన చూపు తిప్పుకున్నారు. ఇద్దరి మీదా కోపం వచ్చింది, గుండె పగిలిపోయేంత కోపం.

అప్పుడాయన నా వైపు తిరిగారు. పాఠం చెప్పడానికి తప్ప ఎవరినీ ఏమీ అడగని మనిషి నన్ను అడిగారు.

“వాడు దేవుడి మీద భక్తితోనే లేవలేదు కదూ? నా కోసం కాదు కదా? నీతో ఏమన్నా చెప్పాడా?”

మా ఇంట్లో అబద్ధం ఎవరూ ఆడరు. దెబ్బలు తినే పని చేసినా చేశామని చెప్పి తినేవాళ్ళం. స్టేషనులో అన్న ఊచలు పట్టుకుని చెప్పిన మాట నా నాలుక చివరే ఉంది. ఒక్క నిమిషం, ఈయనకు తెలియాలి, తెలిసి తీరాలి అనిపించింది కూడా. కాని ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. నేను అంతవరకు ఎప్పుడూ చూడని మనిషి నా ముందు కూర్చుని ఉన్నాడు.

“చెప్పాడు నాన్నా,” అన్నాను. “స్టేషన్లో చెప్పాడు. ఆదివారం కదా, లేవబుద్ధి కాలేదన్నాడు. తన ఇష్టంతోనే కూర్చున్నానన్నాడు.”

ఆయన కళ్ళు మూసుకుని, స్తోత్రం అన్నారు. తర్వాత ముందు బెంచీ మీద తల ఆనించి, మొదటిసారి, పెద్దగా ఏడ్చారు.